పెట్టెలో ఒడిబియ్యం

కిందటి వారం యమునను గజపతినగరం వెళ్ళే బస్సులో, ఒళ్ళో బరువైన అట్టపెట్టెతో వదిలిపెట్టాం. ఆ పెట్టెలో ఉన్నది కాఫీ గింజలు పొడిచేసే యంత్రం. ఇళ్ళలో వాడే మిక్సీలాంటిది కాదు. ఎస్ప్రెస్సో కాఫీకి పొడి మెత్తగా ఉండాలి, ప్రతి నలుసూ ఒకే తీరున ఉండాలి. అలాంటి యంత్రాలను ఒక్కొక్కటిగా చేత్తో తయారుచేసే అనంతపద్మనాభం గారనే పెద్దాయన గజపతినగరంలో ఉన్నారని, బెంగుళూరు నుంచీ ముంబై నుంచీ కూడా మనుషులు ఆయన కోసం వాకబు చేస్తారని సంహిత అక్క చెప్పింది.

విజయనగరంలో ఆ అక్క పెట్టిన చిన్న కాఫీ షాపులో యమున పనిచేస్తోంది. యంత్రాన్ని పాడుచేసింది కూడా యమునే. అక్క లేని సమయంలో అటక దులుపుతుంటే యంత్రం వచ్చిన ఖాళీ పెట్టె కిందపడింది. అందులో పసుపు గుడ్డ మూట, మూటలో గుప్పెడు బియ్యం. నౌపడ దగ్గర యమున వాళ్ళ ఊళ్ళో మిరపకాయలు పట్టించాక పిండిమరలో గుప్పెడు బియ్యం పోస్తారు, మర శుభ్రపడటానికి. ఇవీ అందుకే పంపి ఉంటారు, ఎంత ముందుచూపో అనుకుంది. పోసేసింది. యంత్రం ఒక్క కేక పెట్టి ఆగిపోయింది.

అక్క తిట్టలేదు. పసుపు గుడ్డను చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడి, దాన్ని తన సంచిలో పెట్టుకుంది. తరువాత, గోడవైపు తిరిగి చెప్పింది.

"రేపు గజపతినగరం తీసుకెళ్ళు. ఎవరి షాపని అడిగితే శ్రీనాథ్ గారిదని చెప్పు. నా పేరు మాత్రం చెప్పకు, యమునా. ఏమడిగినా సరే, చెప్పకు."

శ్రీనాథ్ గారంటే షాపు గది అద్దెకిచ్చినాయన. యంత్రాన్ని ఆయన పేరు మీదే ఎందుకు కొన్నారో యమునకు తెలియదు. అడగలేదు. అడగడం ఆమెకు చేతకాని పని. అమ్మానాన్నలు పోయాక చిన్నాన్న గణపతిరావు ఇంట్లో పెరిగిన పిల్ల. పెద్దవాళ్ళు గోడవైపు తిరిగి చెప్పే మాటలను తిరిగి ప్రశ్నించకూడదని అక్కడే నేర్చుకుంది. ఆమె ఫోనులో ఉన్నవి రెండే పేర్లు, అక్కదీ చిన్నాన్నదీ. రెండోది ఎప్పుడూ మోగదు. ఆ ఫోను కూడా ఉప్పుమళ్ళలో పడి తేలినదే. చెవి దగ్గర పెట్టుకుంటే వినపడదు, స్పీకరు పెడితేనే మాట వస్తుంది. అందుకే అక్క ఫోను చేసినప్పుడల్లా యమున జనానికి దూరంగా పోయి మాట్లాడుతుంది.

షాపు వెనక గదిలో రాత్రి ఒక్కతే పడుకుంటుంది. మొదటిరోజు అక్క తాళంచెవి చేతిలో పెట్టి, "ఇది నీ ఇల్లే అనుకో" అంది. ఎవరూ అనని మాట అది. ఇప్పుడు ఆ మాటంతా ఒక్క పేరు చెప్పకుండా ఉండటం మీద నిలబడి ఉంది.

*

గజపతినగరంలో ఆయన ఇంటి పక్క సందులోంచి వెళ్తే వెనక రేకుల షెడ్డు వచ్చింది. లోపల ఇనప రజను వాసనా, నూనె వాసనా, వాటి అడుగున కాఫీ వాసన. ఒక మూల ఇనుము తరిగే ఖరాదు యంత్రం, ఇంకో మూల గోడకు ఆనించిన తంబురా. తంబురాకు పాత జరీ పంచెతో గలీబు కుట్టారు. బల్ల దగ్గర బనీనుతో, విభూతి చెరిగిన నుదుటితో ఒక పెద్దాయన ఉక్కుచక్రాన్ని వెలుతురుకు పట్టి చూస్తున్నారు.

"ఎవరూ?" అన్నారు తల తిప్పకుండానే.

"మిషను బాగుసెయ్యాలండి. ఇజీనారం నుంచి వచ్చేనండి."

"ఎవరిది?"

"శ్రీనాథ్ గారి షాపుదండి." గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. బస్సులో దారంతా వల్లెవేసుకున్న మాట.

"ఏమైంది?"

"ఆగిపోనాదండి."

"అదే ఆగిందా, ఎవరైనా ఆపారా?"

యమున చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. అనంతపద్మనాభం గారు అప్పుడు తలెత్తి ఆమెను చూసి, ఇంకేమీ అనకుండా పెట్టె విప్పడం మొదలుపెట్టారు.

అంతలో వెనక వంటింటి గుమ్మంలోంచి ఆడగొంతు వినిపించింది. "ఎవరమ్మా వచ్చిందీ? ఆడపిల్లా? మంచిదే. ఆయన పొద్దున్నించీ ఏమీ తినలేదు. ఉప్మా చల్లారిపోతోందని చెప్పు."

యమున చుట్టూ చూసింది. షెడ్డులో ఉన్నది ఆయనా, తనూ. వంటింటి గుమ్మం చెయ్యి చాపితే అందే దూరం.

"బాబుగారండి, ఉప్మా..."

"విన్నాను. తరవాత తింటానని చెప్పు."

"అమ్మగారండి, తరవాత తింటారంటండి."

"తరవాతంటే సాయంత్రమా, రేపా, అడుగు."

"ఏటో... సాయంత్రమా, రేపా అని అడుగుతన్నారండి."

"ఈ మరలు విప్పాక అని చెప్పు."

ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరు మనుషులు తమ మాటలను ముక్కూమొహం తెలియని పిల్ల చేతికిచ్చి పంపుకుంటున్నారు. వాళ్ళిద్దరికీ అది కొత్తగా ఉన్నట్టు లేదు. కొరియరు వాడో, పాలవాడో, ఎవరు వస్తే వాళ్ళ చేతే కబుర్లాడుకునేటట్టున్నారు. ఎవరూ రాని రోజున ఈ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో యమునకు తెలిసిపోయింది. రాత్రిపూట షాపు వెనక గది అలాగే ఉంటుంది. కానీ అక్కడ తనొక్కతే. ఇక్కడ ఇద్దరున్నారు.

పై మూత వచ్చింది. లోపల రెండు ఉక్కుచక్రాలు, పళ్ళు కొరుక్కుంటున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి. వాటి మధ్యనే గింజలు నలుగుతాయి. ఆయన పైచక్రాన్ని ఊడదీసి తలకిందులు చేశారు. గట్టి పిండి పేడు బల్ల మీద రాలింది.

"రాయి పడిందనుకున్నాను," అన్నారు. "బియ్యం! ఏ బుద్ధిమంతుడమ్మా దీంట్లో బియ్యం పోసింది? దీన్నేమైనా తిరగలి అనుకున్నారా? పళ్ళ అంచులు చూడు, ఎలా పోయాయో. ఈ ఒక్క చక్రం కోసం ఎన్ని రోజులు..."

మాట మధ్యలో ఆగిపోయింది. పేడును వేళ్ళతో చిదిపారు. వేళ్ళకు పసుపు అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"పసుపు బియ్యం ఎక్కడివి?"

అబద్ధం ఆడాలని యమునకు ఉంది. ఏ అబద్ధం ఆడాలో తోచలేదు.

"మీ పెట్టెలోవేనండి. పసుపుగుడ్డలో మూటకట్టి ఉన్నాయండి. నాను... తుడవడానికి అంపేరనుకున్నానండి. మా ఊరి పిండిమరలో అలాగే సేస్తారండి. నానే పోసేసేనండి." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఓనరుకేటీ తెల్దండి."

ఆయన కోపం ఎక్కడికి పోయిందో పోయింది. వంటింటి గుమ్మంవైపు చూశారు.

"నేను పెట్టెల్లో బియ్యం పెట్టను," అన్నారు మెల్లగా. "ఆవిడని అడుగు. ఎవరు పెడుతున్నారని అడుగు."

అడగనక్కర లేకపోయింది. ఆయన భార్య జగదాంబ గారు తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. మాట యమునతోనే, చూపు మాత్రం విప్పిన యంత్రం మీద.

"నేనే పెడుతున్నానని చెప్పమ్మా."

"ఎన్నిటిలో పెట్టిందో అడుగు."

"అన్నిటిలోనూ అని చెప్పు."

"ముంబై వాళ్ళ దాంట్లో కూడానా?"

"ముంబై దానికి ఒడి ఉండదా ఏమిటి, అడుగు."

ఆయన నుదురు కొట్టుకున్నారు. "ఓరి భగవంతుడా! వాళ్ళేమనుకుని ఉంటారు! తేమ పీల్చడానికి పెట్టాననుకుని ఉంటారు. అందుకే ఒకాయన మీ ప్యాకింగు బాగుందండీ అని ఫోను చేశాడు. నేను అట్టపెట్టె గురించి అనుకున్నాను."

నవ్వు రాబోయి యమున పెదవి కొరుక్కుంది. జగదాంబ గారు నవ్వలేదు.

"ఎందుకని అడగరేం?" అన్నారు. ఈసారి 'అడగమను' అనలేదు. అయినా ఆయనను చూడలేదు. "నేనే చెబుతాను. ఆడపిల్ల గుమ్మం దాటేటప్పుడు ఒడి ఖాళీగా ఉండకూడదు. ఈ ఇంట్లోంచి ఒక పిల్ల ఖాళీ ఒడితో వెళ్ళింది. నచ్చినవాణ్ణి చేసుకుంటానంది, అంతేగా. బియ్యం నా గుప్పిట్లోనే ఉన్నాయి. 'ఈ ఇంటి గింజ ఒక్కటి దానితో పోకూడదు' అని ఈయన అన్న మాట విని అలాగే నిలబడిపోయాను. అది సందు మలుపు తిరిగేదాకా గుప్పిట విప్పలేదు. ఎక్కడో ఒకచోట విప్పాలి కదమ్మా. ఇనపదైతేనేం, ఈ గుమ్మం దాటిపోతోంది కదా అని పెడుతున్నాను."

ఆయన బ్రష్షు తీసుకుని చక్రాల పళ్ళ మధ్య బియ్యప్పిండి దులపడం మొదలుపెట్టారు. ఒక్కో గాడిలోంచి పసుపు రంగు పొడి రాలుతోంది. దాన్ని ఊదెయ్యకుండా, ఒక కాగితం మీదకు చేర్చిపెట్టడం యమున చూసింది.

చిన్నాన్న ఇంట్లోంచి తను బయలుదేరిన రోజు గుర్తొచ్చింది. ప్లాస్టిక్ సంచిలో రెండు జతల బట్టలు. పిన్ని దేముడమ్మ లోపల పళ్ళు తోముకుంటూ "తలుపేసి పో" అంది. అంతే.

*

వంటింట్లో ఉప్మా పెట్టారు. అవతల ఆయన కొత్త చక్రం బిగిస్తున్న చప్పుడు వస్తోంది. కాసేపటికి, "అమ్మాయ్, ఆ కాటుక భరిణె ఇమ్మని చెప్పు" అన్న కేక వినిపించింది. యమున తీసుకెళ్ళి ఇచ్చింది. చక్రం అంచుకు పల్చగా కాటుక పూసి, మూత బిగించి చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి చూశారు. కాటుక ఒకవైపు చెరిగింది, ఒకవైపు చెరగలేదు. చెరగనివైపు సందు ఉన్నట్టట. వెంట్రుకంత రేకుముక్క కింద దోపి మళ్ళీ తిప్పారు. చుట్టూ ఒకే తీరున చెరిగేదాకా అదే పని.

యమున తిరిగొచ్చి కూర్చుంటే జగదాంబ గారు ఇంకో గరిటె ఉప్మా వేశారు.

"ఆ షాపులో నువ్వొక్కదానివేనా?"

"నానూ... ఇంకొకలూ ఉన్నారండి."

"ఇంకొకరంటే? ఆడమనిషా?"

యమున కంచంలోకి చూస్తూ ఉండిపోయింది. జగదాంబ గారు కాసేపు ఆమె నెత్తిమీది పాపిటను చూశారు. "తిను, తిను. చల్లారితే బాగోదు" అని లేచి మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారు.

షెడ్డులో యంత్రం మోగింది.

పొద్దున్నే షాపులో వినే మోతే అది. తుమ్మెద ఒకటి చెవి పక్కనే నిలబడి ఎగురుతున్నట్టుండే ఆ మోత వినగానే యమున గుండె కుదుటపడింది. బాగుపడింది! తను పాడుచేసినది బాగుపడింది. పరుగున షెడ్డులోకి వెళ్ళింది.

అనంతపద్మనాభం గారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ముఖం మారిపోయి ఉంది. యంత్రాన్ని ఆపారు. తంబురాకు ఉన్న గలీబు తీసి ఒక్క తీగ మీటారు. ఆ నాదం లోతుగా, గుహలోంచి వచ్చినట్టు ఉంది. మళ్ళీ యంత్రం నడిపారు. దాని మోత ఎక్కడో పైన ఉంది. రెండూ కలవలేదు.

"ఇది నా శ్రుతి కాదు," అన్నారు.

యమునకు అర్థం కాలేదు. "మళ్ళీ పాడైపోనాదా బాబుగారండీ?"

"పాడవలేదు. ఎవరో మార్చారు. నేను చేసిన ప్రతి యంత్రం నా తంబురా శ్రుతిలో మోగుతుంది. మా తాత గుళ్ళో పాడింది ఆ శ్రుతే. మా నాన్నదీ అదే. ఒకటిన్నర, మగగొంతుకు కుదిరే కింది శ్రుతి. అది మోగకపోతే పెట్టెలో పెట్టను." యంత్రాన్ని పక్కకు ఒరిగించి, అడుగున ఉన్న రబ్బరు పాదాలలో ఒకదాన్ని గోటితో లాగారు. దాని కింద చిన్న మర. "వేగం మార్చేది ఇది. కొన్నవాళ్ళకు చెప్పను. ఇది ఇక్కడ ఉందని నాకు తెలుసు. ఇంకొక్కరికి తెలుసు."

గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడిన జగదాంబ గారు, "ఐదు శ్రుతి" అన్నారు. గ్లాసులో నీళ్ళు ఒలికాయి.

యమునకు అప్పుడు ఒకటొకటిగా తెలిసొచ్చింది. షాపు తలుపు తియ్యగానే అక్క ముందు యంత్రం నడుపుతుంది. గింజలు పొయ్యకుండా, ఉత్తినే. కళ్ళు మూసుకుని దానితోబాటు నోటి లోపలే ఏదో అంటుంది. ఎవరైనా వస్తే ఆపేస్తుంది. రోజూ అలా ఎందుకు చేస్తుందో యమున అడగలేదు. శ్రీనాథ్ గారి పేరు మీద కొనడం, పసుపు గుడ్డ సంచిలో పెట్టుకోవడం, గోడవైపు తిరిగి మాట్లాడటం, అన్నీ వచ్చి ఈ రేకుల షెడ్డులో నిలబడ్డాయి.

"మీ షాపు ఓనరు ఎవరమ్మా?" అన్నారాయన.

"శ్రీనాథ్ గారండి."

"శ్రీనాథ్ గారు పాడతారా?"

యమున నేల చూసింది. చెప్పేస్తే ఈ ఇద్దరి ముఖాలూ ఎలా వెలుగుతాయో తెలుసు. చెబితే అక్క ముఖం ఎలా అవుతుందో తెలియదు. తనను నమ్మి తాళంచెవి ఇచ్చిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆమె అడిగింది కూడా ఒక్కటే. కళ్ళనీళ్ళు బల్ల మీది ఇనప రజనులో పడుతున్నాయి.

"నాకు తెల్దండి," అంది. అది ఆమె చెవికే వినపడలేదు.

"ఎందుకు ఆ పిల్లని నలిపేస్తారు?"

జగదాంబ గారి మాట అది. యమునకు చెప్పి పంపిన మాట కాదు. నేరుగా ఆయనకు తగిలిన మాట. ఆయన ఉలిక్కిపడి భార్యను చూశారు.

"ఎవరికో మాటిచ్చి వచ్చింది. నిలబెట్టుకోనివ్వండి. మనకు చెప్పవలసింది ఆ మిషను చెప్పింది కదా, ఇంకేం కావాలి?"

ఆయన చేతిలో మరలు తిప్పే సన్నటి స్క్రూడ్రైవరు ఉంది. దాని మొన మర మీద ఆనించారు. ఎడమవైపు కాస్త తిప్పితే చాలు, యంత్రం మళ్ళీ ఆయన శ్రుతిలోకి దిగుతుంది.

"తిప్పండి," అన్నారు జగదాంబ గారు. "దాని చిన్నప్పటినుంచీ తిప్పుతూనే ఉన్నారు. మీ శ్రుతిలో పాడి పాడి పిల్ల గొంతు నేలకు ఆనిపోయింది. 'నాన్నగారూ, నాకు అందటం లేదు, ఐదు పెట్టండి' అంటే, 'గుళ్ళో మనింటి శ్రుతి ఇదీ' అన్నారు. ముందు పాట మానేసింది. తరవాతే ఇల్లు వదిలింది. పెళ్ళి మాట ఆఖర్న వచ్చింది. మీరు మాత్రం పెళ్ళి ఒక్కటే గుర్తుపెట్టుకున్నారు."

బయట సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు పోయాక కూడా ఆయన అలాగే ఉన్నారు.

స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టేశారు. రబ్బరు పాదాన్ని తిరిగి మర మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమారు. మర తిరగలేదు. ఐదు ఐదుగానే ఉండిపోయింది.

జగదాంబ గారు లోపలికి వెళ్ళి పసుపు గుడ్డ మూటతో వచ్చారు. యంత్రాన్ని అట్టపెట్టెలో దించాక మూత పడిపోతుంటే, ఆయనే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ మూటను లోపల సర్ది, "ఈసారి దీంట్లో పొయ్యకు తల్లీ" అన్నారు. అని, ఇంకో గుప్పిట విప్పి యమున చున్నీలో బియ్యం పోశారు.

"నాకెందుకండి?"

"నువ్వూ ఈ గుమ్మం దాటుతున్నావు కదే."

యమున చున్నీ కొసను ముడివేసుకుంది. ముడి సరిగ్గా పడటానికి చాలాసేపు పట్టింది.

పెట్టె ఎత్తుకోబోతే పక్కనుంచి ఇంకో రెండు చేతులు వచ్చాయి. అనంతపద్మనాభం గారు చొక్కా తొడుక్కుని ఉన్నారు. గుండీలు ఒకటి తప్పించి ఇంకోదానికి పెట్టుకున్నారు.

"బల్ల మీద సమంగా కూర్చుందో లేదో చూడాలి. వాలుగా ఉంటే మళ్ళీ పాడవుతుంది. నేనూ వస్తాను." ఒక్క క్షణం ఆగి, "ఆవిడకి చెప్పు" అన్నారు.

"విన్నాను," అన్నారు జగదాంబ గారు.

*

విజయనగరం బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. పెట్టె ఆయన ఒళ్ళో ఉంది. యమున చున్నీ ముడిని పట్టుకుని కూర్చుంది. తను పేరు చెప్పలేదు, మాట తప్పలేదు. అయినా ఆయన అక్క గుమ్మంవైపే వస్తున్నారు. అక్కకు ముందే చెప్పాలి. ఎలా చెప్పాలి? ఈ ఫోనులో గుసగుసలకు చోటు లేదు. దిగాక, షాపుకు ముందు మలుపులో, ఆయనను ఒక్క నిమిషం ఆపి...

ఫోను మోగింది.

అరచేతిలో తెర వెలిగింది. తెలుగు అక్షరాలలో పేరు, యమున స్వయంగా రాసుకున్నది: సంహిత అక్క. చటుక్కున రెండో చెయ్యి దాని మీద కప్పింది. వేళ్ళ సందుల్లోంచి వెలుగు వస్తూనే ఉంది. మోగుతూనే ఉంది.

ఆయన కిటికీలోంచి జొన్నచేలవైపు చూస్తున్నారు.

"ఎత్తమ్మా," అన్నారు అటువైపే చూస్తూ. "నేను మాట్లాడను. నేనున్నానని చెప్పనక్కర్లేదు. వింటాను, అంతే."

మోత ఆగిపోబోయే ముందు యమున బొటనవేలు తెర మీద పడింది. స్పీకరులో ముందు గాలి, తరువాత గ్లాసులు కడుగుతున్న చప్పుడు, తరువాత నీళ్ళు కట్టేసిన చప్పుడు. యంత్రం గురించి అడుగుతుందని యమున ఎదురుచూసింది. అక్క యంత్రం గురించి అడగలేదు.

"యమునా," అంది. "నాన్నగారు ఎలా ఉన్నారే?"